పెద్ద చిత్రిక మొదలైతే ఎసరు

ఈ ఏడు ఆషాఢం రెండుసార్లు వచ్చింది. హుద్‌హుద్ తుఫాను మరుసటి ఏడు ఇది. మాకు మే నెలలో పెళ్ళయింది. అధిక ఆషాఢంలో కూడా కొత్త దంపతులు విడిగా ఉండాలా, నిజ ఆషాఢంలో ఉంటే సరిపోతుందా అని మా అమ్మా, మా అత్తగారూ ఫోన్లో వారం రోజులు చర్చించుకుని, ఎందుకైనా మంచిది రెండూ పాటిద్దామని తేల్చారు. ఎవరికి మంచిదో నన్నెవరూ అడగలేదు. రెండు నెలలు రాజాంలో పుట్టింట్లో కూర్చుని, రోజూ సాయంత్రం డాబా ఎక్కి మా ఆయనకి ఫోన్ చేసి, "ఇవాళ ఏటి చేశావు బావా?" అని అడగడమే నా ఉద్యోగం.

"ప్లై కోసేను," అనేవాడు. ప్రతి రోజూ అదే జవాబు.

మా ఆయన పేరు గిరిబాబు. గరివిడి పక్క పల్లెలో వరి పండించుకునే ఇంటివాడు. వాళ్ళ వంశంలో నాగలి వదిలి ఉలి పట్టిన మొదటివాడు ఇతనే. ఐ.టి.ఐ.లో కార్పెంటరీ నేర్చుకుని, విజయనగరంలో ఒక ఫర్నిచర్ షాపులో చేరాడు. నాలుగేళ్ళుగా అక్కడ చేసింది ప్లైవుడ్ కోసి దాని మీద సన్‌మైకా అంటించడం. ఇంటికొస్తే చేతులు జిగురు వాసన. ఆ చేతులకి ఉండాల్సింది చెక్క వాసన అని నాకు పెళ్ళిరోజునే తెలిసిపోయింది. పీటల మీద కూర్చున్నాం. పంతులుగారు మంత్రం చదువుతున్నారు. ఈయన తన పీట అడుక్కి వేళ్ళు పోనిచ్చి తడిమి, నా వైపు వంగాడు. ఏదో తీయని మాట చెబుతాడనుకుని సిగ్గుపడటానికి సిద్ధంగా ఉన్నాను. "పనస చెక్క. చేత్తో చిత్రిక పట్టినారు," అన్నాడు. నాకు అదే తీయగా అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

నిజ ఆషాఢం చివరి వారంలో ఒక సాయంత్రం జవాబు మారింది. "ఈ రోజు దూలం సూసేను," అన్నాడు.

ఆ దూలం చీపురుపల్లిలో జగన్నాధం మాస్టారిది. రిటైరయిన లెక్కల మాస్టారు. తుఫానుకి వాళ్ళ పాత పెంకుటిల్లు పైకప్పు ఎగిరిపోతే, అది విప్పించి డాబా కట్టుకున్నారు. పాత ఇంటి వేగిస దూలాన్ని మాత్రం అమ్మకుండా పలకలుగా కోయించి దాచారు. దానితో ఉయ్యాల బల్ల చేయించి, వరలక్ష్మీ వ్రతం నాటికి కొత్తింటి హాల్లో వేలాడదీయాలని ఆయన భార్య లక్ష్మీనరసమ్మగారి కోరిక. అయితే ఎనభై ఏళ్ళ దూలం నిండా విరిగిన మేకుల ముక్కలు. మిషను మీద నున్న చేసేవాళ్ళు ముగ్గురు చూసి, మా బ్లేళ్ళు పోతాయి మాస్టారూ అని దండం పెట్టేశారు. మేకులు ఒక్కొక్కటీ పీకి, చేత్తో చేస్తానన్నవాడు మా ఆయన ఒక్కడే.

మాస్టారు కళ్ళద్దాలు పైకి తోసి చూసి, చేయగలిగితే కొత్తింటి తలుపులూ కిటికీలూ కూడా ఆ పలకలతో నీ చేతే చేయిస్తానన్నారట. అంటే ఐదారు నెలల పని. అంటే షాపు మానేయొచ్చు. ఆ మాట మా ఆయన ఫోన్లో మామూలుగా చెప్పబోయాడు గానీ, గొంతు మామూలుగా లేదు.

ఒకటే ఇబ్బంది. ఉయ్యాల బల్లకి రెండు పలకలు పక్కపక్కన కలపాలి. ఆరడుగుల పొడవునా ఆ రెండు అంచులూ వెంట్రుకంత సందు లేకుండా కలవాలంటే చెక్కని తోసి నున్న చేసే చిత్రిక కావాలి, అదీ పొడవాటిది. ఐ.టి.ఐ. రోజుల నాటి చిన్న ఇనప చిత్రిక తప్ప మా ఆయన దగ్గర ఏమీ లేదు. పొట్టి చిత్రిక పలకలో ఎక్కడ గుంట ఉంటే అక్కడ దిగి, ఎక్కడ మిట్ట ఉంటే అక్కడ ఎక్కుతూ పోతుందట. పొడవాటిది మిట్టని మాత్రమే కోస్తుందట. కొత్తది కొందామంటే విజయనగరం కొట్లలో ఇప్పుడన్నీ కరెంటువే. పాతకాలం వడ్రంగి ఎవరైనా అమ్మితే కొనుక్కోవాలి.

ఇంతకంటే మంచి అవకాశం నాకెక్కడ దొరుకుతుంది? డాబా మీద నుంచే నా బి.ఎస్సీ. స్నేహితురాళ్ళందరికీ ఫోన్లు చేశాను. బొబ్బిలిలో ఉండే ఒకమ్మాయి, తమ ఊరి శివార్లో అసిరమ్మ అనే ఆవిడ తన భర్త పనిముట్లు అమ్ముతోందని చెప్పింది. మా ఆయనకి నేను తెచ్చిన మొదటి కట్నం ఆ కబురు.

శ్రావణం వచ్చింది. నేను గరివిడిలో మా అద్దె ఇంటికి వచ్చాను. వచ్చిన మూడో రోజు శనివారం. సెలవు పెట్టించి, బండి వెనక కూర్చుని, బొబ్బిలి బయల్దేరాను. దారి పొడుగునా ఊడ్పులు. వాన తుంపర పడుతుంటే అతని వీపు వెనక దాక్కోవడం, చెట్టు కనబడినప్పుడల్లా దాని బోటనీ పేరు అతని చెవిలో అరవడం, అతను దాని చేవ ఎలాంటిదో వెనక్కి అరవడం. చెట్టులో నాకు తెలిసింది బయట, అతనికి తెలిసింది లోపల. ఇద్దరం కలిస్తే ఒక చెట్టవుతుందని లెక్కగట్టి ఎంత మురిసిపోయానో.

అసిరమ్మగారి ఇల్లు చిన్న పెంకుటిల్లు. దాని పక్కనే తాటాకు సాల. సాలకీ వంటింటికీ మధ్య ఒకటే మట్టిగోడ. ఆవిడకి అరవై దాటి ఉంటాయి. మనిషి సన్నం, గొంతు పెద్దది. ఎందుకు అమ్ముతున్నారని నేను మెల్లగా, బాధపెట్టకుండా అడిగాను. బాధపడే ఉద్దేశం ఆవిడకేమీ లేదు.

"ఆయన పోయి రెండేల్లయింది. మేకలు తడుస్తన్నాయి. సాల కావాల," అంది.

భర్త పేరు లక్ష్ముడు. బళ్ళూ, నాగళ్ళూ, ద్వారబంధాలూ చేసేవాడట. సాలలో వాసానికి వేలాడుతున్న గోనెసంచి దించి ఆవిడ మా ముందు పెట్టింది. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ బయటికి తీశాడు.

నాలుగు చిత్రికలు. నాలుగూ చింత చేవతో చేసినవి. చింతచెట్టు లోపల అంత నల్లటి ఎరుపు దాక్కుని ఉంటుందని మూడేళ్ళు బోటనీ చదివిన నాకు తెలియదు. అన్నిటికంటే పెద్దది నా భుజం నుంచి వేలికొస దాకా ఉంది. ఒకటి నడిపిది, ఒకటి పొట్టిది, ఇంకొకటి తలుపు పలకలకి గాడి తీసే సన్నటిది. వాటి ఒంటి మీద నూనె పట్టి, చెమట పట్టి, ఏళ్ళ తరబడి అరచెయ్యి రాసుకుని వచ్చిన నునుపు చూస్తే ఇది చెక్కేనా అనిపించింది. వెనకవైపు బొటనవేలు ఆనే చోట చిన్న గుంట. ఎవరూ చెక్కిన గుంట కాదది. మా ఆయన తన బొటనవేలు అందులో పెట్టి, కొంచెం పెద్దదిగా ఉందని నవ్వాడు. తర్వాత పెద్దదాన్ని ఎత్తి, ఒక కన్ను మూసి, దాని అడుగు వెంబడి వెలుతురులోకి చూశాడు. ఎంతసేపు చూశాడంటే నాకు అసూయ పుట్టింది.

"ఇంత తిన్నటిది నాను సూళ్ళేదు," అన్నాడు చివరికి.

నేను ముట్టుకోవచ్చా అని అసిరమ్మగారిని అడిగాను. పనిముట్ల మీంచి ఆడవాళ్ళు దాటకూడదని మా ఇంట్లోనూ అంటారు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, కొన్నాక మీ ఇష్టమంది. ఆవిడ మాత్రం ఆయన పని చేసేటప్పుడు ఒక్క రోజూ సాలలోకి రాలేదట. నేల నిండా పనిముట్లు పరుచుకుని ఉండేవట. ముప్పై ఏడేళ్ళూ గోడకి అవతల వంటింట్లోనే.

ధర దగ్గర పేచీ రాలేదు. ఆవిడ చెప్పిన మాటకి మా ఆయన వెంటనే సరేననేసరికి, బేరం ఆడకపోతే అమ్మినట్టు ఉండదని ఆవిడే కసిరి యాభై తగ్గించింది. ఈయన సంబరంగా సుత్తి తీసుకుని, నాలుగింటిలోనూ బిగించి ఉన్న చెక్క చీలలు వదులు చేసి, బ్లేళ్ళు ఊడదీసి పక్కన గుట్టగా పెట్టాడు. లోపల తుప్పు ఎంత పట్టిందో చూడాలని.

సంచిలో సర్దుతుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇనుం ఒగ్గియ్యండి. సెనివారం."

శనివారం ఇనుము కొనకూడదని, ఇంటికి తీసుకెళ్ళకూడదని మాకు తెలియక కాదు. సంతోషంలో మరిచిపోయాం. మా ఆయన ఏదో అనబోయాడు. ఆవిడ నా నల్లపూసలు చూపించింది.

"కొత్తకోడలిని ఎనకాల కూకోబెట్టుకుని సెనివారం ఇనుం పట్టుకెల్తావేటి బాబూ? సెక్క పట్టుకెల్లు. ఇనుం రేపొచ్చి పట్టుకెల్లు. నానేటి తినేస్తానా?"

సరేనన్నాం. చెక్కలకి ఈ లోగా నూనె పట్టించుకోవచ్చని మా ఆయన అప్పుడే హుషారు పడ్డాడు. ఆవిడ బ్లేళ్ళన్నీ తీసుకెళ్ళి వంటింట్లో రేకు డబ్బాలో పడేసి, మాకు మజ్జిగ తెచ్చింది. నేను వంట నేర్చుకుంటున్నానని తెలిసి ఆవిడకి హుషారొచ్చింది. ఆవిడ కొత్తకోడలిగా ఉన్నప్పుడు వంట ఎప్పుడు మొదలుపెట్టాలో తెలిసేది కాదట. ముందు వండితే చల్లారిపోయిందని లక్ష్ముడికి కోపం, ఆలస్యమైతే ఆకలికి కోపం. సాలలోకి వెళ్ళి అడగడానికి లేదు. ఒక ఏడాది గడిచేసరికి చెవికి తెలిసిపోయిందట. ముందు పొట్టిది పడతాడు, తర్వాత నడిపిది, అన్నిటికంటే చివర పెద్దది. "పెద్దది మొదలెట్టినాడంటే ఎసరు పెట్టీసీదాన్ని. ఆయన కాల్లు కడుక్కునేతలికి అన్నం దిగిపోయీది," అంది. నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, వస్తూ దారిలో మూడుసార్లు మా ఆయనకి మళ్ళీ చెప్పాను.

ఆదివారం అతనొక్కడే వెళ్ళి ఇనుము తెచ్చాడు. ఆముదం రాసిన గుడ్డలో చుట్టి ఉంది. విప్పి చూస్తే నాలుగు కాదు, ఏడు బ్లేళ్ళు. లక్ష్ముడు విడిగా దాచుకున్నవి కూడా ఆ డబ్బాలోనే ఉండేవట, ఆవిడ అన్నీ ఇచ్చేసింది. లాభమేనని నేను చప్పట్లు కొట్టాను. మా ఆయన మాత్రం వాటిని వరసగా పరిచి అలా నిలబడిపోయాడు. గాడి తీసే సన్నటి బ్లేడు ఒక్కటి వేరుగా తెలుస్తోంది. మిగతా ఆరూ ఒకటే వెడల్పు.

"ఏది దేన్లోది?" అన్నాడు.

ఏదైతే ఏమిటనుకున్నాను నేను. కాదట. చెక్క చిత్రికలో బ్లేడు ఆనే చోటు, దాన్ని నొక్కి పట్టే చీల, ఆ బ్లేడు మందం, ఈ మూడూ ఏళ్ళ తరబడి ఒకదానికొకటి అరిగి ఒదిగిపోతాయి. వేరే బ్లేడు పెడితే చూడ్డానికి బిగుసుకుంటుంది గానీ, తోసేటప్పుడు లోపల వణుకుతుంది. విడదీసేటప్పుడు ఒక గీత గీసుకుని ఉంటే సరిపోయేది. శనివారం పూట ఇనుమూ చెక్కా విడిపోవాల్సి వస్తుందని ఏ ఐ.టి.ఐ.లో చెబుతారు?

సైన్సు చదివిన దాన్ని కాబట్టి నేను కంగారు పడలేదు. నోటు పుస్తకంలో గళ్ళు గీశాను. మూడు చెక్కలు, ఆరు బ్లేళ్ళు, పద్దెనిమిది గళ్ళు. ఒక్కొక్క జతా పెట్టి చూడటం, టిక్కో ఇంటో వేయడం. రెండు రోజుల్లో తేలిపోతుందని ప్రకటించాను. కానీ ఒక్కొక్క బ్లేడుకీ ముందు తుప్పు వదిలించి, రాయి మీద పదును పెట్టాలి. షాపు నుంచి వచ్చాక దీపాలు పెట్టే వేళ దాకా కూర్చుంటే రోజుకి రెండు బ్లేళ్ళు. బుధవారం సాయంత్రానికి ఆరింటికీ పదును వచ్చింది. నా గళ్ళు మాత్రం సగం కూడా నిండలేదు, నిండినవన్నీ ఇంటూలే. ఒక జత పెడితే పొట్టు చిత్రిక నోట్లోనే ఇరుక్కుపోతోంది. ఇంకో జత పెడితే, మాస్టారు రెండు పలకలతో పాటు మా పెరట్లోకి పంపిన వేగిస ముక్క మీద చెరువులో గాలి వీచినట్టు అలలు. తప్పు జతదో, పదునుదో, తన చేతిదో తేల్చుకోలేక మా ఆయన మొహం రోజు రోజుకీ చిన్నదైపోయింది.

అదే సాయంత్రం జగన్నాధం మాస్టారు వచ్చారు. ముక్క పలక మీద అరచెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకి మెల్లగా జరిపారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"ఎల్లుండే వ్రతం గిరీ. పిల్లలొచ్చేస్తన్నారు. రేపు సాయంత్రం దాకా సూస్తాను. కాదంటే విజయనగరంలో రెడీమేడ్‌ది తెచ్చీస్తాను. నీ తప్పేం లేదు," అన్నారు. తలుపుల మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే జవాబని ఇద్దరికీ అర్థమైంది.

ఆయన వెళ్ళాక మా ఆయన చిత్రికల్ని గుడ్డతో తుడిచి, ఒక్కొక్కటీ గోనెలో చుట్టాడు. చుట్టే తీరు చూస్తే నాకు భయం వేసింది. పసిపిల్లని పడుకోబెడుతున్నట్టు చుట్టాడు.

"నాది ప్లై కోసే సెయ్యి లెయ్యే," అన్నాడు. "ఇయ్యి ఆయన సేతికే పలుకుతాయి."

నేను నోటు పుస్తకం మూసేశాను.

గురువారం పొద్దున్నే స్టవ్ మీద గిన్నె పెట్టి నీళ్ళు పోస్తున్నాను. ఎసరు. చెంబు చేతిలోనే ఉండిపోయింది. వీధి గుమ్మంలో చెప్పులేసుకుంటున్న మనిషి దగ్గరికి పరిగెత్తాను.

"బావా, ఆవిడకి తెలుసు కదేటి. అసిరమ్మగారికి."

"ఆవిడ ఎప్పుడూ సూళ్ళేదన్నాది కదే."

"చూళ్ళేదు. విన్నాది."

అతను షాపుకి ఫోన్ చేసి రానని చెప్పాడు. గోనె విప్పకుండానే బండికి కట్టాం. అలలు పడ్డ వేగిస ముక్క నా ఒళ్ళో.

మేం వెళ్ళేసరికి సాల అప్పుడే మేకలదైపోయింది. లక్ష్ముడు పలకలు ఆనించుకుని పని చేసిన దుంగ మీద ఒక మేక దర్జాగా పడుకుని ఉంది. సంగతంతా విని అసిరమ్మగారు చేతులు చీర చెంగుకి తుడుచుకుని, చిత్రికల్నీ బ్లేళ్ళనీ చూసింది. చూసి పెదవి విరిచింది.

"నాకు సూస్తే ఏటి తెలస్తాది బాబూ? నాకు అన్నీ ఒకలాగే ఉన్నాయి."

"చూడొద్దు పెద్దమ్మా," అన్నాను. "మీరు వంటింట్లో కూర్చోండి. ఆయన తోస్తాడు. మీరు వినండి."

ఆవిడ నన్ను వింతగా చూసింది. తర్వాత ఆ చూపు గోడ మీదికి వెళ్ళింది. మేకని అదిలించి లేపి, లోపలికి పోయి, పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంది. గోడ అవతల నుంచి గొంతు వినిపించింది.

"తొయ్యి."

మా ఆయన పెద్ద చిత్రికలో మొదటి బ్లేడు బిగించి తోశాడు. ఒక తోపుకే జవాబు వచ్చింది.

"కాదు."

రెండోది. "కాదు. పల్లు నూర్తంది."

మూడోది పెట్టి తోశాడు. నాకైతే రెండోదానికీ దీనికీ ఏ తేడా తెలియలేదు.

"అది నడిపిదాని ఇనుం. పెద్దదాన్లో పెట్టినావేటి?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అతను వెంటనే ఆ బ్లేడు ఊడదీసి నడిపి చిత్రికలో బిగించాడు. నేను గోనె మీద సుద్దతో గుర్తు పెట్టాను. నడిపిది పలక మీద నడిచింది. నిజంగా నడిచింది, ఆగకుండా, నసగకుండా. "ఊఁ," అంది గోడ. మేకలు కూడా నమలడం ఆపి చూస్తున్నాయని నాకనిపించింది, ఆ క్షణంలో నాకు ఏమైనా అనిపించేలా ఉంది. ముప్పై ఏడేళ్ళు పప్పు తాలింపులో, చంటిపిల్లల ఏడుపులో, వాన చప్పుడులో, ఒక గోడ అవతల నుంచి వినబడిన ఇనుము గొంతుల్ని విడివిడిగా దాచుకున్న ఆ చెవుల ముందు నా పద్దెనిమిది గళ్ళ పుస్తకం ఎక్కడ దాచుకోను? సంచి అడుక్కి తోసేశాను.

పెద్దదానికి నాలుగోది పెట్టాడు. తోశాడు. బరబరమంది.

"ఇనుం ఇదే," అంది ఆవిడ. "బయటికి ఎక్కువెల్లిపోనాది. ఆయన మడం మీద రెండు దెబ్బలేసి, ఆగి, మల్లా ముందు ఒకటేసీవోడు. ఇలగ."

గరిటెతో గిన్నె మీద కొట్టి వినిపించింది. టక్ టక్. కొంచెం ఆగి, చిన్నగా, టక్.

మా ఆయన సుత్తి తీసుకున్నాడు. చిత్రిక వెనక కొస మీద రెండు దెబ్బలు. ఆగాడు. బ్లేడు నెత్తి మీద ఒక చిన్న దెబ్బ. చీల బిగించాడు. ఊపిరి పీల్చుకుని తోశాడు.

ఆ చప్పుడు ఎలా ఉందంటే, కొత్త పట్టుచీర మడత విప్పుతున్నట్టు ఉంది. ముక్క పలక ఈ కొసన మొదలైన పొర ఆ కొస దాకా తెగకుండా చిత్రిక నోట్లోంచి లేచి, చుట్టలు చుట్టుకుంటూ అతని మణికట్టు మీద పడింది. నేను తీసి వెలుతురుకి పట్టాను. దానిలోంచి మేకలు బంగారు రంగులో కనబడ్డాయి. మళ్ళీ తోశాడు. మళ్ళీ. అలలు పోయాయి, వాటి కింద నుంచి వేగిస చారలు, తేనె రంగువి, ఒక్కొక్కటీ పైకి వచ్చాయి.

గోడ అవతల నుంచి మాట లేదు.

"పెద్దమ్మా, ఇదేనా?" అన్నాను.

పొయ్యిలో పుల్ల విరిచిన చప్పుడు, గిన్నె పెట్టిన చప్పుడు, చెంబుతో నీళ్ళు పోసిన చప్పుడు వినిపించాయి. నేను వెళ్ళి తొంగి చూశాను. ఎసరు గిన్నె పొయ్యి మీద ఉంది. చెంబు చేతిలో పట్టుకుని ఆవిడ ఆ గిన్నె వైపే చూస్తోంది.

"సెయ్యి ఎల్లిపోనాది," అంది, నాతోనో గిన్నెతోనో.

తర్వాత మంట ఎగదోసి, ఇంకో రెండు చెంబులు పోసింది. "మరి పెట్టీసినాను కదా. ముగ్గురికీ వస్తాది. తిని ఎల్లండి."

అన్నం ఉడికేలోపు పొట్టిదానికీ ఇనుము దొరికింది. నేల మీద కూర్చుని, మేకల మధ్యన, వేడన్నంలో ఆవకాయ కలుపుకుని తిన్నాం. మా ఆయన చాలాసార్లు ఏదో చెప్పబోయి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. బయల్దేరేటప్పుడు ఆవిడే చెప్పింది, ఆయన తోపు ఇంకా పొడుగ్గా ఉండేదని, నీది మధ్యలో ఆగిపోతోందని, చేతులతో కాదు కాళ్ళతో తొయ్యమని. మెచ్చుకుంటుందేమోనని చూసిన నాకు, ఈ మాట దానికంటే పెద్దదని అతని మొహం చూశాక తెలిసింది.

మధ్యాహ్నానికి గరివిడి చేరాం. అతను పెరట్లో రెండు పలకల అంచులకీ పెద్ద చిత్రిక పట్టాడు. కాళ్ళతో తోశాడు. జగన్నాధం మాస్టారు సాయంత్రం నాలుగింటికి వచ్చేసరికి పలకలు రెండూ ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, పడమటి ఎండకి ఎదురుగా పట్టుకుని ఉన్నాడు. మాస్టారు కళ్ళద్దాలు తీసి, కలిసిన గీత దగ్గర కన్ను పెట్టి, ఆ కొస నుంచి ఈ కొసకి వంగి నడిచారు. మళ్ళీ వెనక్కి నడిచారు. లెక్కల మాస్టారు కదా, జవాబు రెండుసార్లు సరి చూసుకున్నారు.

"ఎండ దూరలేదురా గిరీ," అన్నారు.

అప్పుడే జిగురు రాసి, తాళ్ళతో బిగించాం. జిగురు వాసనే, కానీ ఈసారి నాకు చేదనిపించలేదు. శుక్రవారం తెల్లవారుతూనే చీపురుపల్లి తీసుకెళ్ళి, మాస్టారి వరండాలో బల్ల మీద చివరి చిత్రిక పట్టాడు. లోపల లక్ష్మీనరసమ్మగారు కలశానికి పసుపు రాస్తూ రాస్తూ బయటికి వచ్చి, తడి చేతులతోనే బల్ల మీద ఒకసారి నిమిరారు. నాలుగు పసుపు వేళ్ళ ముద్ర పడింది. తుడుస్తామంటే ఉండనీ అన్నారు. మాస్టారు మాత్రం వంగి చిత్రిక పొట్టు అంతా సంచిలోకి ఏరుకుంటున్నారు. వేగిస నానబెట్టిన నీళ్ళు సుగరుకి మంచివని ఎవరో చెప్పారట. ఆ సంచి మూతి ముడేస్తూ, తలుపులు కార్తీకం లోపల అవుతాయా అని అడిగారు. సింహద్వారం కొలతలు కాగితం మీద రాసి జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నారు.

షాపుకి మా ఆయన సోమవారం చెప్పేశాడు. ఆ తర్వాతి ఆదివారం మేం మళ్ళీ బొబ్బిలి వెళ్ళాం. మేకల మీద వాన జల్లు కొట్టకుండా సాలకి చిన్న తలుపు చేసిపెట్టాడు. డబ్బు తీసుకోనంటే అసిరమ్మగారు ఊరుకోలేదు, ఒక మేకపిల్ల ఇస్తానంది. అద్దె ఇంట్లో మేకపిల్లని ఎక్కడ పెట్టాలో నేనప్పుడే ఆలోచించేశాను గానీ, మా ఆయన ఒప్పుకోలేదు.

ఇప్పుడు మా పెరట్లో రోజూ చిత్రిక చప్పుడు. నేను వంటింట్లో చెవి రిక్కించి నిలబడతాను. నిన్న పెద్దది మొదలైందనుకుని ఎసరు పెట్టేశాను. తీరా చూస్తే అది నడిపిది. అతను కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి అన్నం ముద్దయి, చల్లారి, గిన్నెకి అతుక్కుపోయింది. కోప్పడకుండా రెండుసార్లు కలుపుకుని తిన్నాడు. ఆవిడకి ఏడాది పట్టిందట. నాకింకా రెండో వారమే.